తరగతి రాతలకు గోడపత్రికా? బ్లాగా?

ఖర్చు: గోడపత్రికకు నెలకు 4 డ్రాయింగ్ షీట్లు, స్కెచ్ పెన్నులు, గమ్ము చాలు. గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో బ్లాగు ఉచితమే, ఫోనూ డేటా మాత్రం టీచరువి.

శ్రమ: షీటు మీద పిల్లలే రాసి అతికిస్తారు. తప్పు పడితే పైన చిన్న కాగితం అంటించాల్సిందే. బ్లాగులో దిద్దడం నిమిషం పని, తెలుగు టైపింగే అసలు తలనొప్పి. 40 మంది రాతలు టీచరొక్కరే కొట్టబోతే రెండో వారానికే బ్లాగు పడకేస్తుంది. చదివితే ఫోనే రాసుకునే వాయిస్ టైపింగ్ పెట్టి, వాళ్ల రాతలు పిల్లలచేతే చదివించండి. అనంతపురం పిల్ల ‘చెనిక్కాయలు’ అంటే ఫోను ఇంకేదో రాయొచ్చు. సరిచేసేటప్పుడు ‘వేరుశనగ’ చేయకండి, ఆమె మాటే ఉంచండి. వారానికి 5 మంది, తలా 10 వాక్యాలు. అంతకు మించితే దిద్దలేరు.

ముప్పు: గోడపత్రికకు వాన, చెదలు. ఎండ పడే గోడకు అంటిస్తే రంగు వెలిసిపోతుంది. బ్లాగులోనైతే పిల్లల ముఖాలు, పూర్తి పేర్లు ఊరందరికీ తెలిసిపోతాయి. ఖాతా టీచరు పేరనే ఉండాలి. కామెంట్లు మీరు చూశాకే కనబడేలా సెట్టింగుల్లో మోడరేషన్ పెట్టండి. తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకోండి. ఫొటో కావాలంటే కొండారెడ్డి బురుజుది చాలు, దాని ముందు నిలబడ్డ పిల్లలది వద్దు.

పాఠకులు: గోడపత్రికను బడివాళ్లే చూస్తారు. బ్లాగునైతే బెంగళూరుకు పనికిపోయిన నాన్న కూడా చదువుతాడు.

ఐదో తరగతి వరకూ, సిగ్నల్ అందని ఊళ్లలోనూ గోడపత్రికే మేలు. కంప్యూటర్ గది ఉన్న హైస్కూల్లో 8, 9 తరగతులకు బ్లాగు. 6, 7 వాళ్లచేత ముందు షీటు మీద రాయించి, బాగున్నవి నెలాఖరున బ్లాగుకెక్కించండి.