కూలని ఇంటి కోసం కోనసీమలో ఐదు రోజులు

రాజోలు పరిసరాల్లో ముందుగా డబ్బు కట్టి దిగిన ఒక బసలో మాకు జరిగిన మోసాన్ని, ఆ తర్వాత రెండు రోజులకు అంబాజీపేట దగ్గర మాకు దొరికిన ఆదరణను రాసి పెట్టకపోతే మనసు ఊరుకునేలా లేదు. షూటింగ్ పని మీద కోనసీమ వెళ్లే చిన్న బృందాలకు ఇందులోని ఖర్చుల లెక్కలైనా ఉపయోగపడతాయి.

మేము మొత్తం నలుగురం. నేను కథ రాస్తాను. నా వెంట ఛాయాగ్రాహకుడు, కళాదర్శకుడు, శబ్దగ్రాహకుడు వచ్చారు. మూడేళ్ల క్రితం మేము ఒక హారర్ సిరీస్ తీశాం. అందులో కథంతా పాడుబడిన ఒక మండువా లోగిలిలోనే జరుగుతుంది. ఇప్పుడు తీయబోయేది దానికి పూర్వకథ, అంటే ఆ ఇల్లు పాడుపడక ముందు, అందులో మనుషులు కాపురం ఉన్ననాటి కథ. మేము మొదట వాడుకున్న ఇల్లు ఆ మరుసటి వానాకాలంలోనే నేలమట్టమైంది కాబట్టి, దాని పోలికలున్న ఇంకో ఇంటిని, అదీ గోడలు పచ్చగా, గడపకు పసుపు ఆరకుండా ఉన్న ఇంటిని వెతుక్కోవలసి వచ్చింది.

హిచ్‌కాక్ తీసిన హారర్ సినిమా ‘సైకో’కు పూర్వకథగా 2013లో మొదలైన ‘బేట్స్ మోటెల్’ సిరీస్ వారికి కూడా ఇలాంటి చిక్కే ఎదురైంది. అసలు ఇల్లు కాలిఫోర్నియాలోని యూనివర్సల్ స్టూడియో ఆవరణలో ఉంటే, వారు కెనడాలోని ఆల్డర్‌గ్రోవ్ దగ్గర ఆ ఇంటిని, మోటెల్‌ను సెట్‌గా మళ్లీ కట్టుకున్నారు. పైగా కథాకాలాన్ని వెనక్కి తీసుకెళ్లకుండా వర్తమానంలోనే నడిపారు. మాకు అంత డబ్బూ లేదు, ఆ వెసులుబాటూ లేదు. మా కథ 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్‌తో, అంటే బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి ఎగదన్ని మంటలు లేవడంతో మొదలై 1996 నవంబరు 6 రాత్రి తుపానుతో ముగుస్తుంది. ఆ రెండు తేదీలనూ కోనసీమలో ఎవరూ మరిచిపోలేదు.

హైదరాబాదు నుంచి రైలులో పాలకొల్లులో దిగి, రోజుకు ₹3,200 చొప్పున కారు మాట్లాడుకుని, చించినాడ వంతెన మీదుగా కోనసీమలోకి వచ్చాం. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

ఇక బస సంగతి. ‘నూరేళ్ల మండువా లోగిలిలో నివాసం’ అని ఫొటోలు చూపించి, గదికి రోజుకు ₹4,800 చొప్పున రెండు గదులకు, రెండు రాత్రులకు మొత్తం ₹19,200 ముందే కట్టించుకున్నారు. తీరా వెళ్లి చూస్తే మండువా ఉన్న మాట నిజమే గాని, దానికి తాళం వేసి ఉంది. మాకిచ్చిన గదులు పెరటి వైపు కొత్తగా వేసిన రేకుల షెడ్డులో ఉన్నాయి. ఫొటోలో ఉన్నది ఇది కాదు కదా అని అడిగితే, అది చూడటానికేనని, పడుకోవడానికి కాదని జవాబిచ్చారు. తాళం తీయించి లోపలికి వెళ్తే మా కళాదర్శకుడి ముఖం వాడిపోయింది. నాపరాళ్ల స్థానంలో నిగనిగలాడే టైల్స్ పరిచారు. టేకు స్తంభాలకు బంగారు రంగు పెయింటు కొట్టారు. వాన నీరు పడే మండువా గుంటను పూడ్చేసి ఫౌంటెన్ కట్టారు. ఆయన స్తంభం మీద గోటితో చిన్నగా గీరి, లోపలి చెక్క రంగు చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడిపోయాడు.

ఛాయాగ్రాహకుడు బయట అరుగు మీద రెండు ఫొటోలు తీయగానే, షూటింగ్ చార్జీ రోజుకు ₹25,000 అవుతుందని మనిషి వచ్చి అడ్డుపడ్డాడు. సినిమా వాళ్లమని తెలియనంతవరకు మేము అతిథులం, తెలిసిన మరుక్షణం డబ్బు మూటలమైపోయాం. రాత్రి కరెంటు పోతే జనరేటరుకు గంటకు ₹500 అన్నారు. భోజనమని చేపల పులుసుకు ₹450 వేసి, ముక్క విరిస్తే ఐసు వాసన కొట్టే చేపను పెట్టారు. సముద్రానికి, ఏటికి ఇంత దగ్గరలో ఉండి ఐసు చేప పెట్టడాన్ని నేను క్షమించలేను.

శబ్దగ్రాహకుడి బాధ ఇంకో రకం. చుట్టూ రొయ్యల చెరువులు ఉండటంతో రాత్రంతా ఏరియేటర్లు నీళ్లను చిలుకుతూ ఒకే రొదగా తిరుగుతూనే ఉన్నాయి. హారర్ కథకు నిశ్శబ్దమే ప్రాణం. 1995 నాటి రాత్రిలో కప్పల అరుపు, కొబ్బరి మట్టల రాపిడి, దూరాన కుక్క మొరుగు వినపడాలి గాని మోటార్ల హోరు కాదు. ఆయన తెల్లవార్లూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని, ఉదయం కాఫీ కూడా ముట్టలేదు. రెండో రాత్రి డబ్బు వదులుకుని మేము అమలాపురం వెళ్లి, ₹1,800 ఏసీ గదుల్లో దిగాం. ఆ లాడ్జి శుభ్రంగా ఉంది, దాని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. ముందుగా మొత్తం కట్టించుకునే బసలకు వెళ్లకండి. తప్పనిసరైతే మీరు పడుకోబోయే గదిలో నుంచే వీడియో కాల్ చేయించుకుని చూడండి.

మర్నాడు పాశర్లపూడిలో ఒక పెద్దాయన మాట మా కథనే మార్చేసింది. బావి 65 రోజులు మండింది కదా, ఆ రోజుల్లో రాత్రుళ్లు ఎలా ఉండేవని అడిగాను. “రెండు నెలలు మాకు అమావాస్య లేదండి. కోళ్లు ఎప్పుడు పడితే అప్పుడు కూసేసేవి. గొడ్లు పడుకునేవి కావు” అన్నాడాయన. ఛాయాగ్రాహకుడు వెంటనే నోటుబుక్కు తీశాడు. చీకట్లోంచి భయం పుట్టించడం అందరూ చేసేదే. రాత్రి పూట ఎక్కడి నుంచో వచ్చే ఎర్రటి వెలుతురు కిటికీ ఊచల నీడలను గోడ మీద ఆపకుండా కదిలిస్తుంటే, దీపం లేని గదిలో అందరి ముఖాలూ కనపడుతుంటే పుట్టే భయం వేరు. మొదటి మూడు భాగాలకు వెలుతురు అక్కడే ఖాయమైంది.

అక్కడి నుంచి ముక్తేశ్వరం వెళ్లి కోటిపల్లికి పంటు, అంటే మనుషులనూ బళ్లనూ ఏరు దాటించే పెద్ద పడవ ఎక్కాం. మా కథాకాలానికి ఎదుర్లంక వంతెన లేదు, యానాం వైపు నేరుగా వెళ్లాలంటే గోదావరి పాయ అయిన గౌతమిని పడవ మీదో పంటు మీదో దాటవలసిందే. కారుకు, మనుషులకు కలిపి ₹260 ఇచ్చాం. గోదావరి జిల్లాల్లో మీరు ఖర్చు పెట్టే ఏ డబ్బూ దీనంత సార్థకం కాదు. పంటు నడిపే సరంగు ఎంతో మర్యాదస్థుడు. శబ్దగ్రాహకుడు ఇంజిను చప్పుడు రికార్డు చేసుకుంటానంటే మాటలు ఆపమని జనానికి తానే సైగ చేశాడు. రెండు రోజుల తర్వాత మా శబ్దగ్రాహకుడు నవ్వడం అప్పుడే చూశాను. ద్రాక్షారామం దర్శనం చేసుకుని సాయంత్రానికి అమలాపురం తిరిగి వచ్చాం.

నాలుగో రోజు తెల్లవారుజామున అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకులను పుల్లలతో బుట్టగా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు ఒలుస్తుంటే దాని ఈనెలు ముద్ర పడిన తెల్లటి ముద్ద పొగలు కక్కుతూ బయటపడుతుంది. పనసాకు వాసన అందులో అంటుకుని ఉంటుంది. నలుగురికీ కాఫీతో కలిపి ₹280 అయింది. మా వెతుకులాట విని ఆ హోటలు యజమానే, బోదె (చిన్న పంట కాలువ) వెంట రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్లమని, అక్కడ ఒక మామ్మగారి లోగిలి ఉందని చెప్పాడు.

అంతకు ముందు మధ్యవర్తులు మాకు చూపించినవన్నీ శిథిలాలే. హారర్ అనగానే మర్రి ఊడలు, విరిగిన తలుపులు కావాలనుకుంటారు. పూర్వకథకు కావలసింది అది కాదని, రేపు కూలబోతుందని ప్రేక్షకుడికి మాత్రమే తెలిసిన నిండు ఇల్లు కావాలని ఎంత చెప్పినా వారికి ఎక్కలేదు. ఈ లోగిలిలో అడుగు పెట్టగానే మేమెవరం మాట్లాడలేదు. మండువా చుట్టూ వసారా, నల్లబడిన టేకు స్తంభాలు, పైన చిలక్కొయ్యలు, గుంటలో రాత్రి కురిసిన వాన నీరు. చుట్టూ కొబ్బరి తోట తప్ప చెరువు ఒక్కటీ లేదు. శబ్దగ్రాహకుడు వసారాలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

“ఏంటి బాబూ, మా ఇంటిని దెయ్యాల కొంపని చూపించేస్తారా?” అని అడిగారు మామ్మగారు. “లేదండి మామ్మగారూ, మాకు కళకళలాడే ఇల్లే కావాలండి” అన్నాడు కళాదర్శకుడు. ఆవిడ నవ్వి, ముందు అన్నం తినమన్నారు. ఆవ పెట్టిన కందబచ్చలి కూర, పనసపొట్టు, ములక్కాడల పులుసు, మీగడ తరకతో పెరుగు. డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డారు.

తుపాను రాత్రి ఊళ్లో పద్ధెనిమిది కుటుంబాలు ఈ నట్టింట్లోనే తెల్లవార్చాయట. పెంకులు లేచిపోతుంటే పిల్లలను పందిరి మంచం కిందికి తోశారట. ఆ మాటలు చెబుతూ ఆవిడ ఒక స్తంభం దగ్గర ఆగారు. దాని మీద మోకాలి ఎత్తున ఉలితో పెట్టిన గాటు ఒకటి ఉంది. 1986 ఆగస్టు వరద నీరు అంతవరకు వచ్చిందని వాళ్లాయన పెట్టిన గుర్తు. ముప్పై ఎనిమిదేళ్లకు పైగా చేతులు తగిలి తగిలి దాని అంచులు నునుపెక్కి, నూనె మరకతో మెరుస్తున్నాయి. మా మొదటి సిరీస్‌లోని ఇంట్లో ఆ చోట ఉన్న స్తంభం మొదలంతా చెదపుట్ట కప్పేసి ఉంది కాబట్టి ఆ గాటు అప్పుడూ ఉన్నట్టే చెప్పుకోవచ్చు. ఈసారి ఒక పిల్ల ఆ గాటు దగ్గర నిలబడి తన ఎత్తు కొలుచుకుంటుంది. అది అక్కడికక్కడే రాసుకున్నాను.

రోజుకు ₹15,000 చొప్పున 22 రోజులకు మాట ఖాయమైంది. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, సంజె వేళ తులసికోట దగ్గర దీపం పెట్టేటప్పుడు ఎంత పనిలో ఉన్నా ఆపాలి. ఆ దీపాన్నే కెమెరాలో తీసుకోనిస్తారా అని ఛాయాగ్రాహకుడు అడిగాడు. ఆవిడ కాసేపు ఆలోచించి లోపలికి వెళ్లి, భోషాణంలోంచి కలరా ఉండల వాసన వేస్తున్న వెంకటగిరి చీర తెచ్చి మంచం మీద పరిచారు. “తుపాను ఏడాది దసరాకి కొన్నారు. ఇది కట్టుకోవచ్చా?” అన్నారు. కళాదర్శకుడు ఆ జరీ అంచును దగ్గరగా నాలుగు ఫొటోలు తీసుకుని, చీర మడత పెట్టి రెండు చేతులతో ఆవిడకు అందించాడు.