ట్రక్కు ఇంటికి కరెంటు పెట్టించాను

మా చిన్న ట్రక్కు వెనక పడక కట్టించి, అమలాపురంలో ఒక షాపులో 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ బిగించాం. 12.8 వోల్టులు, అంటే 1,280 వాట్ అవర్లు. మే నెలలో అంతర్వేదిలో రెండు రాత్రులు అందులోనే పడుకున్నాం. ఒకటే ఉక్క! అయినా 30 వాట్ల ఫ్యాన్లు రెండూ తెల్లవార్లూ తిరిగాయి. ఎనిమిది గంటలకు 480 వాట్ అవర్లే కదా. ఏసీ అడిగితే, "600 వాట్లదైనా రెండు గంటలకే బ్యాటరీ ఖాళీ అండి" అని మెకానిక్కే వద్దన్నాడు. అమ్ముకోవచ్చు, అమ్మలేదు. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చింది.

నచ్చనిది వైరింగ్. ఇన్వర్టర్‌కి రైస్ కుక్కర్ తగిలించగానే వైరు చేతికి కాలింది, పైతొడుగు మెత్తబడింది. చూస్తే సన్నవైరు, బ్యాటరీ దగ్గర ఫ్యూజే లేదు! మర్నాడు లావువైరు వేసి, ప్లస్ పక్కనే ఫ్యూజ్ పెట్టాడు, డబ్బులు తీసుకోలేదు. మీరు బండి తెచ్చుకునే ముందే ఆ ఫ్యూజ్ చూసుకోండి. హీటర్ మాత్రం కొనలేదు. లంబసింగి చలికి రెండు రగ్గులు చాలు, మూసిన బండిలో కుంపటి మాత్రం వద్దు.