క్లియరెన్స్ ఇప్పిస్తామనే సైబర్ సెక్యూరిటీ శిక్షణ సంస్థలతో జాగ్రత్త

అమెరికా ఫెడరల్ ప్రభుత్వ సైబర్ సెక్యూరిటీ ఉద్యోగాల కోసం డబ్బు కట్టి శిక్షణలో చేరబోతున్న తెలుగువారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఉత్తర వర్జీనియాలో ఉంటున్న మా తమ్ముడు గ్రీన్‌కార్డు వచ్చిన కొత్తలో ఒక శిక్షణ సంస్థకు వేల డాలర్లు కట్టాడు. సెక్యూరిటీ ప్లస్ సర్టిఫికేషన్ (కాంప్టియా అనే సంస్థ పరీక్ష పెట్టి ఇచ్చేది), సీక్రెట్ క్లియరెన్స్ (నేపథ్యం విచారించి, రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి), ఆపైన ఉద్యోగం, ఈ మూడూ ఆ ఫీజులోనే వస్తాయని వాళ్లు హామీ ఇచ్చారు.

క్లియరెన్స్ డబ్బుతో కొనుక్కునేది కాదు, ఎవరికి వారు దరఖాస్తు చేసుకునేదీ కాదు. ఆ ఉద్యోగానికి అది అవసరమని ప్రభుత్వ శాఖ గానీ, దాని కాంట్రాక్టు కంపెనీ గానీ ప్రతిపాదించాలి. విచారణ ఖర్చు అభ్యర్థి భరించనక్కరలేదు. పైగా, చాలా అరుదైన మినహాయింపులు తప్ప, అమెరికా పౌరులకే దానికి అర్హత ఉంటుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారు పౌరసత్వానికి దరఖాస్తు చేయాలంటేనే సాధారణంగా అయిదేళ్లు ఆగాలి. మా తమ్ముడి గ్రీన్‌కార్డు నకలు తీసుకుని మరీ ఆ సంస్థ ఈ హామీ ఇచ్చిందంటే, అది తెలియక చేసిన పని అని నేను అనుకోను.

పాఠాల పేరిట ఇచ్చినవి ప్రశ్నల డంప్స్, అంటే అసలు పరీక్ష నుంచి అక్రమంగా బయటకు తెచ్చిన ప్రశ్నలు, జవాబులు. వాటితో పాసైనట్టు తేలితే కాంప్టియా సర్టిఫికేషన్‌ను రద్దు చేయగలదు. మూడు నెలల్లో సీఐఎస్‌ఎస్‌పీ అనే పైస్థాయి సైబర్ సెక్యూరిటీ సర్టిఫికేషన్ కూడా చేతికి వస్తుందన్నారు గానీ, దానికి అయిదేళ్ల పని అనుభవం కావాలి; డిగ్రీ లాంటివి ఉంటే ఒక ఏడాది తగ్గుతుంది, అంతే.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది వాళ్లు 'ముందస్తు ప్రాసెసింగ్' అని నింపించిన ఫారం. క్లియరెన్స్ విచారణకు వాడే అసలు ఎస్ఎఫ్-86 ఫారాన్ని, ప్రతిపాదన వచ్చాక, ప్రభుత్వ వెబ్‌సైటులోనే నింపాలి. వీళ్లు మాత్రం సోషల్ సెక్యూరిటీ నంబరు, పాస్‌పోర్టు వివరాలు, పదేళ్ల చిరునామాలు, గుంటూరులో ఉన్న అమ్మానాన్నల వివరాలు ఈమెయిల్‌లో తెప్పించుకున్నారు. ఊళ్లో తమ్ముడి పేరిట ఉన్న పొలం సంగతి రాయవద్దని, ఖాళీగా ఉన్న నెలలను లేని ఉద్యోగంతో పూరించమని సలహా కూడా ఇచ్చారు. విదేశంలో ఆస్తి, బంధువులు ఉన్నంత మాత్రాన క్లియరెన్స్ నిరాకరించరు, వాటి పూర్వాపరాలు తూచి చూస్తారు. కానీ తెలిసి తెలిసి అబద్ధం రాస్తే అది ఫెడరల్ నేరం, అయిదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. సలహా ఇచ్చింది వేరొకరని చెప్పినంత మాత్రాన సంతకం పెట్టినవాడు తప్పించుకోలేడు.

డబ్బు వెనక్కి అడిగితే శిక్షణ పూర్తయిందని చెప్పి ఫోన్లు ఎత్తడం మానేశారు.

ఇలాంటి వారికి ఇప్పటికే వివరాలు ఇచ్చి ఉంటే, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ (అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలు) వెంటనే క్రెడిట్ ఫ్రీజ్ పెట్టండి, దాంతో మీ పేరిట వేరెవరూ కొత్త అప్పు తీసుకోవడం కష్టమవుతుంది. 2018 నుంచి అది ఉచితం. ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు చేయండి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, గడువు దాటిపోకముందే బ్యాంకుకు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపండి.