అండమానా, లక్షద్వీపమా, మారిషసా? ఇంటిల్లిపాదీ వెళ్లే ఫొటోల యాత్రకు ఏది మేలు

మా ఇంట్లో దీవి యాత్ర మాట వచ్చినప్పుడల్లా ముందు ఖర్చు సంగతి, ఆ తర్వాత పిల్లల సెలవుల సంగతి చర్చకు వచ్చేవి గానీ, అక్కడ సూర్యుడు ఎన్నింటికి ఉదయిస్తాడన్న ప్రశ్న ఎవరికీ తట్టేది కాదు. రెండు యాత్రలు పూర్తయి, వేలకొద్దీ ఫొటోలలో గోడకు తగిలించదగినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే తేలాక నాకు విషయం అర్థమైంది. ఒంటరిగా వెళ్లే ఫొటోగ్రాఫరు మంచి వెలుగు కోసం ఎంతసేపైనా కాచుకుని కూర్చోగలడు. డెబ్బై దాటిన తల్లినీ, పదకొండేళ్ల కూతురినీ, ఆరేళ్ల కొడుకునూ వెంటబెట్టుకుని వెళ్లినవాడు మాత్రం, ఆ వెలుగు వచ్చే వేళకు వాళ్లంతా మెలకువగా, కడుపు నిండి, చిరాకు పడకుండా ఉండగలిగే చోటునే ఎంచుకోవాలి. ఈ కొలతతోనే ఇక్కడ మూడు చోట్లను పోలుస్తున్నాను. అండమాన్, లక్షద్వీప్ మేము వెళ్లి వచ్చినవి. మారిషస్ ఇంకా వెళ్లలేదు గానీ, వెళ్లడానికి ఆరా తీసి పెట్టుకున్నది.

మొదటి రెండింటిలోనూ గడియారం మనదే, సూర్యుడు మాత్రం మన లెక్కకు అందడు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకు దగ్గరగా పోతుంది. ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్ ఆ రేఖకు దాదాపు పది డిగ్రీలు తూర్పున, లక్షద్వీప్‌లోని అగత్తి దాదాపు పది డిగ్రీలు పడమరన ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున చూస్తే, ఒకే గడియారం వాడే ఈ రెండు చోట్ల మధ్య వెలుగులో గంటా ఇరవై నిమిషాల తేడా వస్తుంది. డిసెంబరు చివర అండమాన్‌లో అయిదున్నర ప్రాంతంలో తెల్లవారి, సాయంత్రం అయిదు దాటగానే పొద్దు గుంకుతుంది. అదే రోజుల్లో అగత్తిలో సూర్యోదయం ఏడింటికి కాస్త ముందు, సూర్యాస్తమయం ఆరున్నరకు కాస్త అటూ ఇటూ. కాగితం మీద ఇది చిన్న తేడాగానే కనిపించినా, పిల్లలున్న ఇంటికి యాత్ర స్వరూపమే మారిపోతుంది.

అండమాన్‌లో మాకు జరిగింది చెబుతాను. హేవ్‌లాక్‌లో, అంటే 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన దీవిలో, పడమర ముఖంగా ఉన్న రాధానగర్ తీరం సూర్యాస్తమయానికి పేరుపడింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు అన్నాలు తిని, పిల్లవాడు కునుకు తీసి లేచి, అమ్మ కాఫీ తాగాక ఆటో ఎక్కి అక్కడికి చేరేసరికి నాలుగుంబావు అయింది. అది మన ఇళ్లలో ఎవరూ సాయంత్రమని ఒప్పుకోని వేళ. అప్పటికే ఎండ ఏటవాలుగా, తేనెరంగుకు తిరిగి, ఒడ్డున ఇసుక దాకా దిగివచ్చిన మహావృక్షాల నీడలు నీటివైపు సాగుతున్నాయి. ఏసీ గదిలోంచి నేరుగా తెచ్చిన కెమెరాను ఆత్రంగా సంచిలోంచి తీశాను; ఆ ఉక్కకు లెన్సంతా ఆవిరి పట్టేసింది. తుడిచినకొద్దీ పడుతూ, అది తనంతట తాను ఆరేలోగా పావుగంట గడిచిపోయింది. కెమెరాను సంచిలోనే ఉంచి, బయలుదేరే అరగంట ముందే వరండాలో పెట్టి ఉంటే ఈ పాట్లు ఉండేవి కావు. మర్నాడు తూర్పు తీరమైన కాలాపత్తర్‌లో సూర్యోదయం చూద్దామంటే నాలుగున్నరకు లేవాల్సి వచ్చింది. లేచింది నేనూ, మా అమ్మాయీ మాత్రమే. ఫొటోలు బాగానే వచ్చాయి గానీ, వాటిలో కుటుంబం లేదు.

అయినా, చూడదగ్గ వైవిధ్యంలో అండమాన్‌కు ఈ మూడింటిలో సాటి లేదని నిస్సంకోచంగా చెబుతాను. ఒకప్పుడు బ్రిటిష్ వారి పాలనా కేంద్రమైన రాస్ దీవిలో, ఇప్పటి పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌లో, పైకప్పులు కూలిన భవనాల ఇటుక గోడలను మర్రిజాతి వేళ్లు వలలా అల్లుకుని పట్టుకున్నాయి. ఆ వేళ్ల సందుల్లోంచి పడే వెలుగు మిట్టమధ్యాహ్నం కూడా ఫొటోకు పనికి వస్తుంది. మనుషులకు అలవాటుపడిన చుక్కల దుప్పులు అక్కడ పిల్లలకు ఎంతో దగ్గరగా వస్తాయి. 1906లో పూర్తయిన సెల్యులర్ జైలుకు ఏడు బారుల్లో మూడే మిగిలాయి. ఆ మూడింటి వరండాల్లో ఒకే కొలతతో సాగిపోయే కమానుల వరుస, ఫొటో తీయడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు లోతు అంటే ఏమిటో మాటలతో పని లేకుండా నేర్పుతుంది. మన మన్యం తిరుగుబాటు ఖైదీలను కూడా అండమాన్‌కే పంపారని చెప్పాక మా అమ్మాయి అక్కడ ఇంకో అరగంట గడిపింది.

నీల్ దీవిలో, అంటే షహీద్ ద్వీప్‌లో, లక్ష్మణ్‌పూర్ దగ్గరున్న సహజ శిలాతోరణం సముద్రం వెనక్కి తగ్గినప్పుడే చేరగలిగే చోటు. ఇలాంటి చోట్లకు పంచాంగం పనికి వస్తుందంటే నమ్మండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటూ ఎక్కువే, పాటూ ఎక్కువే. నీరు బాగా లోపలికి తగ్గి, పగడపు రాళ్ల మధ్య గుంటల్లో చిన్న చేపలు, సముద్రపు దోసకాయలనే మెత్తటి జీవులు బయటపడతాయి. పాటు వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, మొదటి రోజు వేళ తెలుసుకుంటే మిగతా రోజుల లెక్క మనమే వేసుకోవచ్చు. రెండింటిలో నేను అమావాస్యనే ఎంచుకుంటాను, ఎందుకంటే ఆ రాత్రి వెన్నెల అడ్డులేని చుక్కల ఆకాశం కూడా దక్కుతుంది. ఆ రాళ్ల మీద అమ్మను నడిపించే సాహసం మాత్రం నేను చేయలేదు. ఆవిడ ఒడ్డున బల్ల మీద కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతూ ఉండిపోయింది.

అండమాన్‌లో అసలు అలసట దీవి నుంచి దీవికి మారడంలో ఉంది. ప్రతి మార్పుకూ పెట్టెలు సర్దడం, రేవుకు ముందుగా చేరడం, ఓడలో గంట నుంచి రెండున్నర గంటలు కూర్చోవడం తప్పదు. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఓడలు రద్దవుతాయి కూడా. అయిదు రోజుల్లో మూడు దీవులు చూపిస్తామనే ప్యాకేజీలు ఫొటోలు తీసేవారికి ఎందుకూ కొరగావు. పైగా బారాటాంగ్ సున్నపురాతి గుహలకు పోయే దారి జారవా తెగ ఆదివాసులకు కేటాయించిన రక్షిత అడవి మీదుగా పోతుంది. ఆ మనుషుల ఫొటోలు తీయడం జైలుశిక్ష దాకా పోగల నేరం. నేరం కాకపోయినా చేయదగిన పని కాదు. కెమెరా మెడలో వేసుకుని ఆ దారిన పోవడమే నాకు ఎబ్బెట్టుగా తోచి, ఆ రోజును యాత్రలోంచి తీసేశాము.

లక్షద్వీప్ దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ కొండలు లేవు, అడవి లేదు, శిథిలాలు లేవు. ముప్పై ఆరు దీవుల నేలంతా కలిపినా 32 చదరపు కిలోమీటర్లే. ఉన్నదల్లా తెల్లటి పగడపు ఇసుక, కొబ్బరిచెట్లు, చుట్టూ పగడపు గట్టు, ఆ గట్టు లోపల నడుములోతు నిశ్చలమైన నీరు. నదులు లేవు గనుక బురద కలిసే ప్రసక్తి లేదు, అందుకే ఆ నీటికి ఫొటోలలో మనం నమ్మలేని నెమలికంఠపు రంగు వస్తుంది. చూడవలసిన ‘స్థలాల’ జాబితా పట్టుకుని వెళ్లినవారు రెండో రోజుకే విసుగెత్తిపోతారు. కానీ మనుషుల ఫొటోలకు ఇంతకు మించిన చోటు నేను చూడలేదు, దానికి కారణం ఇసుకే.

ఉదయం తొమ్మిదింటికి, అంటే అందరూ ఇడ్లీలు కాకపోయినా కేరళ తరహా పుట్టూ (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి) కడలా (శనగల కూర) తిని తీరుబడిగా ఉన్న వేళ, అమ్మ పసుపుకొమ్ము రంగు మంగళగిరి చీరలో కొబ్బరిచెట్టు నీడన కూర్చుని మనవడి చేతికి గవ్వలు అందిస్తోంది. మామూలుగా ఆ ఎండలో కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడాలి. అక్కడ పడలేదు, నీడకు నాలుగడుగుల అవతల మెరుస్తున్న తెల్ల ఇసుక కింది నుంచి ఆవిడ ముఖం మీదికి వెలుగు విసురుతోంది. స్టూడియోలో ఇద్దరు మనుషులు తెల్లటి అట్టలు పట్టుకుని చేసే పనిని ఆ ఒడ్డు ఊరికే చేసిపెట్టింది. చామనఛాయ ముఖాలున్న మనలాంటివారు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. అంత తెలుపును చూసి కెమెరా బెదిరి, ఫొటో మొత్తాన్ని చీకటి చేస్తుంది కాబట్టి, ఎక్స్‌పోజరును, అంటే కెమెరా తీసుకునే వెలుగును, ఒక స్టాపు (రెట్టింపు) దాకా పెంచాలి. ఫోనైతే ముఖం మీద వేలు పెట్టి, వెలుగు గీతను పైకి జరిపితే చాలు. బట్టల విషయంలో కూడా నీలం, ఆకుపచ్చ మానేసి పసుపు, కాషాయం, కుంకుమరంగు తీసుకువెళ్తే, నీటి రంగులో మనుషులు కలిసిపోకుండా నిలబడతారు. ఏరిన గవ్వలు ఫొటో అయ్యాక ఒడ్డునే వదిలేశాము. గవ్వలు, పగడాలు వెంట తెచ్చుకోవడం ఇక్కడా అండమాన్‌లోనూ నిషిద్ధం.

ఇంత సుఖానికీ ముందు మూల్యం చెల్లించాలి. భారతీయులకు కూడా లక్షద్వీప్ ప్రవేశానికి అనుమతిపత్రం కావాలి, బస ఖాయం కాకుండా అది రాదు, ఉన్న బసలు తక్కువ. మా అనుమతికి దరఖాస్తు పెట్టించిన మధ్యవర్తి అమ్మ పుట్టినతేదీని తప్పు రాయించి, దాన్ని దిద్దించడానికి వారం రోజులు తిప్పించాడు. రెండు నెలల ముందే మొదలుపెట్టడం మంచిదని అలా తెలిసింది. కొచ్చి నుంచి ఓడలో వెళ్తే పద్నాలుగు గంటలకు పైగా ప్రయాణం, ఆపైన చాలా దీవుల దగ్గర ఓడ పగడపు గట్టు బయటే ఆగి, ఊగుతున్న చిన్న పడవలోకి దిగమంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారు అగత్తి దాకా చిన్న విమానంలో వెళ్లడమే క్షేమం, కాకపోతే అందులో సామాను పరిమితి తక్కువ గనుక ట్రైపాడు, పెద్ద లెన్సు, రెండో కెమెరా లాంటి మోజులు ఇంట్లోనే వదిలేయాలి. భోజనంలో చేపలూ కొబ్బరీ ప్రధానం. అమ్మ శాకాహారి కావడంతో పప్పు పొడులు, ఆవకాయ సీసా మాతోనే తీసుకువెళ్లాము. అదే పోర్ట్ బ్లెయిర్‌లో అయితే తెలుగువారు తరాలుగా స్థిరపడ్డారు, పలకరింపుకూ సాంబారు అన్నానికీ కొదవ లేదు. లక్షద్వీప్ ఊళ్లలో ముస్లిం కుటుంబాలే దాదాపు అంతా కాబట్టి, ఒంటి నిండా బట్టలు, మనుషులను అడిగి ఫొటో తీయడం మర్యాద. ఆడవారి విషయంలో అడగడం కూడా మా ఆవిడ చేత చేయించడమే మేలనిపించింది.

ఇక మారిషస్. మొదటి రెండూ కుదరని సెలవులకు ఇది కుదురుతుందన్నది దీని అసలు బలం. సంక్రాంతికి అండమాన్, లక్షద్వీప్ రెండూ చక్కగా ఉంటాయి. దసరాకు అండమాన్ ఇంకా వానల్లో ఉంటుంది, మే నెల చివరికల్లా రెండు చోట్లా నైరుతి మబ్బులు కమ్ముతాయి. మారిషస్ దక్షిణార్ధగోళంలో ఉంది కాబట్టి లెక్క తిరగబడి, అక్కడ తుపానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, పొడిగా చల్లగా ఉండేది మే నుంచి అక్టోబరు దాకా. భారతీయులకు వీసా ముందుగా తీసుకోనక్కర లేదు, బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి, దీవంతా ఒకే నేల గనుక పెట్టెలతో ఓడలు మారే బాధ లేదు. 556 మీటర్ల లె మోర్న్ కొండ సముద్రంలోకి చొచ్చుకుపోయిన తీరు, షమరెల్‌లోని రంగురంగుల మట్టిదిబ్బలు, పాంప్లెమూస్ తోటలో పళ్లేల్లాంటి పెద్ద కలువాకులు ఒకే కారులో తిరిగి తీయవచ్చు. నీటి అడుగున జలపాతంలా కనిపించే ప్రసిద్ధ దృశ్యం మాత్రం ఇసుక జారుడు వల్ల కలిగే భ్రాంతి, అదీ ఆకాశం నుంచి చూస్తేనే. హెలికాప్టరుకు డబ్బు పెట్టే ఉద్దేశం లేకపోతే ఆ ఫొటోను ఆశల జాబితాలోంచి ముందే కొట్టేయాలి. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి చెరకుతోటల పనికి ఓడలెక్కిన మనవారి సంతతి అక్కడుంది, ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. ఉగాది తుపానుల కాలం చివర్లో పడుతుందనే ఇబ్బంది ఉన్నా, నేనైతే ఒకసారి ఆ పండుగనే ఎంచుకుని, సముద్రం కంటే గుడి ముంగిట ఎక్కువసేపు గడుపుతాను. అయిదుగురికీ విమాన ఖర్చు మాత్రం మిగతా రెండింటికంటే చాలా ఎక్కువ.

కాబట్టి నా తీర్పు ఇలా ఉంటుంది. ఫొటో తీయడమే ఇష్టంగా నేర్చుకుంటున్న పదేళ్లు దాటిన పిల్లలుండి, పెద్దవారు బాగా నడవగలిగితే అండమానే వెళ్లాలి, కాకపోతే రెండు దీవులతో సరిపెట్టుకుని, ఇంటి గడియారం మరిచిపోయి తొమ్మిదింటికల్లా అందరూ పడుకోవాలి. పసిపిల్లలూ వృద్ధులూ ఉండి, గోడ మీద కావలసింది వాళ్ల ముఖాలే అయితే, అనుమతుల తలనొప్పి భరించి అయినా లక్షద్వీప్ మేలు. దసరాకో వేసవికో తప్ప తీరిక దొరకని ఉద్యోగస్థులకు, డబ్బు సమకూరితే, మారిషస్ తప్ప దారి లేదు. మా ఇంట్లో ఈ సంక్రాంతికి మళ్లీ అగత్తి అనుకున్నాము. అమావాస్య సెలవుల్లో పడుతుందో లేదో చూసి, అనుమతి కాగితాల మీద పుట్టినతేదీలు ఈసారి నేనే రాస్తున్నాను.