గిట్‌ఫ్లో: రెండు ప్రాజెక్టుల్లో వాడాక నా రివ్యూ

గిట్‌ఫ్లో అంటే, గిట్‌లో ఏ పనికి ఏ బ్రాంచ్ (కోడ్‌కి విడిగా నడిచే కాపీ) తీయాలో, దాన్ని ఎప్పుడు ఎక్కడ కలపాలో చెప్పే పద్ధతి. అది మంచిదేనా అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే, మీ కోడ్ యూజర్ దగ్గరికి ఎలా వెళ్తుంది? ఎందుకంటే ఇదే పద్ధతి ఒక ప్రాజెక్టులో మాకు చుక్కలు చూపించింది, ఇంకోదాంట్లో ఇది లేకపోతే మాకు పని నడవదు.

మొదటిది వెబ్ యాప్. లైవ్‌లో ఎప్పుడూ ఒక్కటే వెర్షన్. దానికి మాస్టర్ (లైవ్ కోడ్), డెవలప్ (తర్వాతి రిలీజ్ కోసం పని కలిసేది), ఫీచర్, రిలీజ్, హాట్‌ఫిక్స్ (లైవ్‌లోని బగ్‌కి అర్జెంట్ రిపేర్) ఇన్ని బ్రాంచులెందుకని ఎవరం ఆలోచించలేదు, అందరూ వాడుతున్నారు కదా అని పెట్టేశాం. ఒకరాత్రి పేమెంట్ బటన్ రెండుసార్లు నొక్కితే డబ్బులు రెండుసార్లు కట్ అవుతున్నాయని తెలిసింది. హాట్‌ఫిక్స్ కమాండ్‌తో ఫినిష్ చేసుంటే మాస్టర్, డెవలప్ రెండు బ్రాంచుల్లోనూ కలిసేది, హడావుడిలో మేం చేత్తో మాస్టర్‌లో మాత్రమే మెర్జ్ చేసి పడుకున్నాం. వారం తర్వాత రిలీజ్ కలిపేటప్పుడు ఆ ఫైల్లోనే కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట రెండు వైపులా వేర్వేరు మార్పులు) వచ్చింది, కలిపినతను రిలీజ్ వైపు కోడ్ ఉంచేశాడు, అంతే, బగ్ మళ్ళీ లైవ్‌లో. తప్పు మాదే, కాదనను, కానీ ఆ తప్పు చేయడానికి చోటు ఇచ్చింది మాత్రం మాకు అక్కర్లేని ఆ రెండో బ్రాంచ్ డెవలపే. ఇప్పుడు అక్కడ ఒక్క మెయిన్ బ్రాంచ్, రోజు రెండు రోజుల్లో కలిసిపోయే చిన్న బ్రాంచులు, పూర్తికాని పని ఫీచర్ ఫ్లాగ్ (కోడ్‌లో ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వెనకాల. చాలా హాయిగా ఉంది.

రెండోది మెడికల్ డివైస్ ఫర్మ్‌వేర్, అంటే ఆ పరికరం లోపలే నడిచే సాఫ్ట్‌వేర్. మెడికల్ సాఫ్ట్‌వేర్‌కి ఉన్న ఐఈసీ 62304 ప్రమాణం ప్రకారం క్లాస్ సి, అంటే సాఫ్ట్‌వేర్ తేడా చేస్తే మనిషి ప్రాణమే పోవచ్చు. ఏ లైను ఎందుకు మారింది, ఏ రిక్వైర్‌మెంట్‌ కోసం, ఏ టెస్ట్‌తో చూశారు అన్నీ చూపించాలి. రిలీజ్ బ్రాంచ్ తీశాక వారాల తరబడి వెరిఫికేషన్ నడుస్తుంది, ఆ టైంలో దాన్ని ఎవరూ కదపకూడదు, మిగతావాళ్ళు మాత్రం డెవలప్‌లో పని చేసుకుంటూనే ఉండాలి. సరిగ్గా ఇక్కడే గిట్‌ఫ్లో విలువ తెలిసింది.

దీన్ని 2010లో రాసిన విన్సెంట్ డ్రీసెన్ 2020లో తనే ఒక నోట్ పెట్టాడు, ఎప్పటికప్పుడు డిప్లాయ్ చేసే వెబ్ యాప్‌లకి ఇంతకంటే సింపుల్‌ది చూసుకోండి, వెర్షన్ నంబర్లతో రిలీజ్ చేసేవాళ్ళకి మాత్రం ఇది ఇంకా పనికొస్తుంది అని. తను పెట్టిన పద్ధతి గురించి తనే అంత నిజాయితీగా చెప్పడం నాకు బాగా నచ్చింది. మేం అది ముందే చదివుంటే ఆ రాత్రి వచ్చేది కాదు.

వెబ్ యాప్‌కి 5లో 1 ఇస్తా, ఫర్మ్‌వేర్‌కి 4. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానంటే, కస్టమర్ల దగ్గర ఇంకా పాత వెర్షన్లు నడుస్తుంటాయి, వాటికి ప్యాచ్ ఇవ్వాలంటే మాస్టర్ నుంచి తీసే హాట్‌ఫిక్స్ సరిపోదు, ఒక్కో వెర్షన్‌కి సపోర్ట్ బ్రాంచ్ మనమే విడిగా పెట్టుకుని చూసుకోవాలి.