కోతుల అడవిలో లైట్ ట్రాప్ పనితనం

అడవి కోతుల్లో తిరిగే ఎల్లో ఫీవర్, జికా, చికున్‌గున్యా వైరస్‌లను వెతకాలంటే ముందుగా వాటిని మోసే దోమలు చేతికి చిక్కాలి. 1962లో సుడియా, చాంబర్లెయిన్ అనే శాస్త్రవేత్తలు వివరించిన నమూనాను అనుసరించి తయారవుతున్న లైట్ ట్రాప్‌ను ఈ పనికి నేటికీ విస్తృతంగా వాడుతున్నారు. చిన్న బల్బు, దాని కింద దోమలను లోపలికి లాగే ఫ్యాను, చివర వల సంచి, వీటిని నడిపే ఆరు వోల్టుల బ్యాటరీ తప్ప ఇందులో మరేమీ లేదు. బరువు తక్కువ కనుక తాడు కట్టి ఎత్తైన కొమ్మల్లోకి లాగవచ్చు. నా దృష్టిలో దీని అసలు సుగుణం ఇదే, ఎందుకంటే ఈ వైరస్‌లు దోమ నుంచి కోతికి, కోతి నుంచి దోమకు మారేది ఎక్కువగా ఆ ఎత్తులోనే. ఉగాండాలోని జికా అడవిలో 1947లో చెట్ల మధ్య వేదికపై పంజరంలో ఉంచిన రీసస్ కోతి రక్తంలో జికా వైరస్ తొలిసారి బయటపడగా, మరుసటి ఏడాది అదే అడవిలోని ఈడిస్ ఆఫ్రికానస్ దోమల్లోనూ దొరికింది.

బల్బు ఒక్కదాన్నే నమ్ముకుంటే పడే దోమలు తక్కువ. పక్కన డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) వేలాడదీస్తే, దాని నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను జంతువు ఊపిరిగా భావించి మరిన్ని దోమలు వస్తాయి. తాడుకు గ్రీజు పూయడం మరవకూడదు, లేకుంటే చీమలు దిగివచ్చి సంచిలోని దోమలను తినేస్తాయి, తెల్లవారేసరికి రెక్కలూ కాళ్లూ మాత్రమే మిగులుతాయి. ఫ్యాను గుండా వచ్చిన దోమల పొలుసులు రాలడం ఇంకో లోపం. ఈడిస్ జాతులను వేరుచేయడానికి ఛాతీపై పొలుసుల అమరికే ముఖ్య ఆధారం కనుక, అది చెరిగిపోతే గుర్తింపు కష్టమవుతుంది.

వీటన్నిటికంటే పెద్ద పరిమితి వేరే ఉంది. దక్షిణ అమెరికా అడవుల్లో కోతులకు ఎల్లో ఫీవర్ అంటించే హీమగోగస్, సబేథిస్ దోమలు పగటిపూట కుడతాయి కాబట్టి, రాత్రి వెలిగే ఈ బల్బుకు అవి దాదాపు రావు. 2016 చివర బ్రెజిల్‌లో మొదలైన వ్యాప్తిలో హౌలర్ కోతులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. అటువంటి చోట ఈ ట్రాప్‌లో ఏమీ పడలేదని వైరస్ లేదనుకోవడం ప్రమాదకరం, కోతులకూ, అడవి అంచున బతికే మనుషులకూ. అక్కడ చెట్లపై వేదిక కట్టి, పగలు చేతివలతో దోమలు పట్టడమే సరైన పని. ఆఫ్రికాలో పరిస్థితి వేరు. అక్కడి కోతులకు ఎల్లో ఫీవర్ సోకినా సాధారణంగా తీవ్రంగా జబ్బు పడవు, కనుక చనిపోయిన కోతులు మనకు హెచ్చరిక ఇవ్వవు. దోమలను పరీక్షించడం అక్కడ మరింత అవసరం. ఈడిస్ ఆఫ్రికానస్ సూర్యాస్తమయం తర్వాత తొలి గంటలో ఉద్ధృతంగా కుడుతుంది కాబట్టి, ట్రాప్‌ను చీకటి పడకముందే పైకెక్కించాలి.

ఆహారం వెతికే దోమలే ఇందులో ఎక్కువగా పడతాయి, రక్తం తాగినవి అరుదు. ఏ దోమ ఏ జాతి కోతిని కుట్టిందో కడుపులోని రక్తం ద్వారా తేల్చదలచినవారు, ఆకుల్లో, చెట్టు తొర్రల్లో విశ్రమించే దోమలను పీల్చిపట్టే ఆస్పిరేటర్‌ను కూడా తప్పక సమకూర్చుకోవాలి.