లాజిక్ సెట్లలో రూల్స్ గీసుకునే పద్ధతి: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్‌కి ప్రిపరేషన్ మొదలైనప్పటి నుంచి లాజిక్ సెట్లకు (కొన్ని రూల్స్ ఇచ్చి, వాటి మీద ప్రశ్నలు అడిగేవి) నేను వాడేది ఒకటే పద్ధతి. ప్రతి రూల్‌నీ చిన్న గుర్తుగా రాసుకోవాలి. రూల్స్‌ని ఒకదానితో ఒకటి కలిపి చూశాకే ప్రశ్నల జోలికి వెళ్లాలి. అమెరికా లా కాలేజీల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో ఇలాంటి సెట్లనే లాజిక్ గేమ్స్ అనేవారు; వాటికి ఎక్కువగా వాడిన పద్ధతి ఇది. 2024 ఆగస్టు నుంచి అక్కడ ఆ సెక్షనే తీసేశారు, కానీ ఆ పాత గేమ్స్ మన ప్రాక్టీస్‌కి ఇప్పటికీ బంగారమే.

బెంగళూరు మారతహళ్లి పీజీ హాస్టల్లో నాతో కలిసి చదివే కర్నూలు తమ్ముడికి మొదట్లో ఇది నచ్చలేదు. "అన్నా, ఇవన్నీ గీస్తూ కూర్చుంటే సెక్షన్‌కి ఇచ్చే 40 నిమిషాలు ఏ మూలకి?" అనేవాడు. అతనికి ఈ సెట్ ఇచ్చాను: సోమవారం నుంచి శనివారం దాకా ఆరుగురు (క, చ, ట, త, ఇంకో ఇద్దరు), రోజుకొకరు మాట్లాడాలి. క తర్వాతే చ. చ మర్నాడే ట. త బుధవారం.

ఆరు గళ్లు గీసి మూడో గడిలో త పెట్టాం. చ, ట విడిపోవు కాబట్టి రెంటినీ ఒకే పెట్టెలో రాశాం. ముందు క ఉండాలి కాబట్టి చ సోమవారం రాదు. మంగళవారం పెడితే ట బుధవారం రావాలి, అక్కడ త ఉంది. బుధవారం ఎలాగూ కుదరదు. శనివారం పెడితే ట‌కి మర్నాడే లేదు. ఇక మిగిలినవి గురువారం, శుక్రవారం. రెండు బొమ్మలు గీస్తే సెట్ సగం అయిపోయినట్టే. తమ్ముడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

'ప ఉంటే మ ఉండాలి' లాంటి రూల్ వస్తే, పక్కనే 'మ లేకపోతే ప లేదు' అని కూడా రాస్తాను. టెన్షన్‌లో మెదడు 'మ ఉంటే ప ఉంటుంది' అని తిప్పేసుకుంటుంది. రాసి ఉంటే ఆ ప్రమాదం తక్కువ. పైగా క్యాట్‌లో సెట్ స్క్రీన్ మీద, రఫ్ వర్క్ కాగితం మీద. రూల్స్ కాగితం మీదే ఉంటే తల ఊరికే పైకీ కిందికీ తిప్పక్కర్లేదు.

లోటు కూడా ఉంది. మార్కులు, అమ్మకాలు, శాతాలు కలిసిన సెట్లకు ఈ గుర్తులు చాలవు, టేబుల్ వేయాల్సిందే. ఇప్పటి క్యాట్‌లో అలాంటివి బాగానే వస్తాయి. వరుసలు, జట్ల ఎంపిక సెట్లతో మొదలుపెట్టి, ఒక్కో సెట్‌కి కొత్త పేజీ తీసుకోండి. గుర్తులు మాత్రం మొదటి రోజు నుంచీ మార్చకండి.